దుబారా పద్దు

ప్రతి ఇంట్లోనూ డబ్బుకు సంబంధించి తరచూ వినబడే మాట ఒకటి ఉంటుంది. కొందరి ఇళ్ళలో అది "పొదుపు". మరి కొందరి ఇళ్ళలో "అప్పు". మా ఇంట్లో ఆ మాట "దుబారా". నాకు అక్షరాలు వచ్చీ రాకముందే ఈ మాట వచ్చేసింది. ఉన్న బలపం అరగకుండా రెండోది అడిగితే దుబారా. పండగ కాని రోజున కొత్త చొక్కా అడిగితే దుబారా. రాత్రి దీపం పది నిమిషాలు ఎక్కువ వెలిగితే దుబారా. అదేదో భూతం పేరు కాబోలునని నేను చాలాకాలం అనుకొన్నాను.

మా నాన్నగారు తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. నెలకు నూట పది రూపాయల జీతం. ఇంట్లో అయిదుగురం: నాన్నగారు, అమ్మ, అక్కయ్య, నేను, తమ్ముడు. మాతోపాటు ఒక గేదె. ఒకటో తారీఖున జీతం రాగానే నాన్నగారు పీట వేసుకొని కూర్చుని, ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దుల పుస్తకం తెరిచేవారు. అందులో నెలనెలా అయిదు శీర్షికలు ఉండేవి: ఇల్లు, చదువు, మందులు, దైవం, దుబారా. బియ్యం, కట్టెలు, గేదె తినే తెలగపిండి "ఇల్లు" కింద పడేవి. సినిమా, హోటలు, రైలు ప్రయాణం, రిక్షా, సోడా, వేరుశనక్కాయల పొట్లం - ఇవన్నీ "దుబారా".

గమనించారా? వినోదమనీ, విహారమనీ, బయటి భోజనమనీ మనం ఇప్పుడు ముద్దుగా మూడు పేర్లు పెట్టుకొన్నవన్నీ ఆ రోజుల్లో ఒకే బోనులో ముద్దాయిల్లాగా నిలబడేవి!

నాన్నగారు పోయి ముప్పయ్యేళ్ళు దాటింది. మేము హైదరాబాదు వచ్చి స్థిరపడీ చాలాకాలమే అయింది. మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయిద్దామని అటకమీది ట్రంకుపెట్టె దింపితే, అడుగున ఆ ఎర్ర అట్ట పుస్తకాల్లో ఒకటి కనబడింది. 1963వ సంవత్సరానిది. రంగులవాళ్ళను వాళ్ళ మానాన వదిలేసి, వరండాలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఏ డిటెక్టివు నవలా నన్ను అంతసేపు కూర్చోబెట్టలేదు సుమండీ.

నయాపైసల నాటి లెక్క

ఈ కాలపు పిల్లలకు ఆ పుస్తకం చదవడం కష్టం. అంకెల పక్కన "న.పై." అని ఉంటుంది. అంటే నయాపైసలు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు, వెరసి రూపాయికి 192 దమ్మిడీలు. ఆ తేదీన దశాంశ పద్ధతి వచ్చి, రూపాయికి 100 నయాపైసలయింది. పావలా సరిగ్గా 25, అర్ధరూపాయి సరిగ్గా 50 అయి బతికిపోయాయి. చిక్కంతా చిన్న నాణేలతోనే. అణాకు ఆరుంపావు నయాపైసలు. బేడకు పన్నెండున్నర. పావు పైసాను, అర పైసాను ఎవరు తెచ్చి ఎవరికి ఇస్తారు? అణా సరుకుకు కొట్టువాడు ఏడు అడిగేవాడు, మా అమ్మ ఆరిచ్చేది. ఆ ఒక్క పైసా కోసం ఇద్దరూ దశాంశ పద్ధతినే తిట్టేవారు.

1964 జూన్ 1 నుంచి ఆ "నయా" అన్న మాట తీసేసి ఉత్త పైసా అన్నారు. తరువాత పైసలూ ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. 2011 జూన్ 30తో పావలాకూ చెల్లుబాటు తీరిపోయింది. చిత్రమేమిటంటే, నాణేలు పోయినా మాటలు పోలేదు. పదహారణాల తెలుగు పిల్ల అంటూనే ఉన్నాము. పనికిరానివాణ్ణి చిల్లికాని అంటూనే ఉన్నాము. ఆ చిల్లికాని నిజంగానే నడుమ చిల్లు ఉన్న నాణెం. 1943 నుంచి 1947 దాకా వేశారు. దాన్ని కళ్ళారా చూడనివాడు కూడా ఎదటివాణ్ణి ఆ పేరుతో తిట్టగలడు!

ఇంతకీ చెప్పవచ్చేదేమంటే, మా నాన్నగారి పుస్తకంలో ఒక్క నయాపైసా కూడా పద్దు తప్పించుకొని పోలేదు. అందువల్లనే నా గుట్టు బయటపడింది. గుట్టు అనడమేమిటంటారా? వినండి.

బెజవాడ ప్రయాణం

నా చిన్నతనంలో మరపురాని రోజు ఏదంటే, ఏడేళ్ళ వయసులో మేమంతా తెనాలి నుంచి బెజవాడ వెళ్ళి "లవకుశ" చూసిన రోజే. ఆ సినిమా 1963 మార్చిలో విడుదలయింది. డబ్బు చాలక నిర్మాణం మధ్యలో ఆగిపోయి, పూర్తి కావడానికి అయిదేళ్ళు పట్టిన చిత్రం అది. తెలుగులో ఆసాంతం రంగుల్లో వచ్చిన మొదటి పెద్ద చిత్రమని పేరు. పల్లెల నుంచి జనం బళ్ళు కట్టుకొని వెళ్ళి చూశారు. మా వీధిలో అది చూడని ఇల్లు మాదొక్కటే మిగిలిందని అక్కయ్య అన్నం మానేసి కూర్చుంటే, నాన్నగారు చివరకు మే నెల జీతం రాగానే బయలుదేరదీశారు.

ఆ రోజంతా నా కళ్ళకు కట్టినట్టుంటుంది. మూడో తరగతి పెట్టెలో చెక్క బల్లలు. కిటికీలోనుంచి తల బయటపెడితే కంట్లో బొగ్గునలుసు పడడం. కృష్ణ వంతెన రాగానే పెట్టెలోని వాళ్ళంతా లేచి నిలబడి, నదిలోకి నాణేలు విసిరి దణ్ణాలు పెట్టడం. నాన్నగారు మా ముగ్గురి చేతుల్లోనూ తలా ఒక నయాపైసా పెట్టారు. నేను విసిరింది వంతెన కమ్మీకి తగిలి ఖంగుమంది. ఎగువను అప్పటికి అయిదారేళ్ళ కిందటే కట్టిన ప్రకాశం బ్యారేజీ కనబడుతోంటే, "అన్ని తలుపులు ఎందుకు నాన్నా? ఎవరుంటారు అందులో?" అని తమ్ముడు అడిగాడు.

తరువాత హోటలు. గోడకు తగిలించిన నల్లబల్లమీద సుద్దముక్కతో రాసిన పలహారాల పట్టీ. చెయ్యి తీయకుండా నాలుగు గ్లాసులు పట్టుకొచ్చే సర్వరు. ఏం కావాలో మనం నెమ్మదిగా చెబితే, అతను దాన్ని వంటింటివైపు తిరిగి ఊరంతటికీ వినబడేలా కేకపెట్టడం. తొందరపడి పొగలు కక్కే సాంబారు నోట్లో పోసుకొన్నాను. నాలుక కాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అమ్మ నన్ను దగ్గరకు తీసుకొని, మంచినీళ్ళు తాగించి, చెంగుతో మూతి తుడిచింది. ఆ తుడవడం నాకిప్పటికీ గుర్తు. అరవై ఏళ్ళుగా ఎవరైనా బెజవాడ అంటే చాలు, నాకు ఆ చెంగే గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు పుస్తకంలో ఆ రోజు పద్దు చూడండి:

రైలు, రానూ పోనూ - ఫుల్లు 1, అర 3 - రూ. 3-00
రిక్షా - రూ. 0-50
హోటలు, నలుగురికి - రూ. 1-40
సినిమా, బెంచీ 4 - రూ. 1-60
దుబారా మొత్తం - రూ. 6-50

కృష్ణకు వేసిన మూడు నయాపైసలు కూడా ముందు దుబారా కిందే రాసి, తరువాత భయం వేసింది కాబోలు, కొట్టేసి "దైవం" కింద వేశారు. నవ్వుకొన్నాను. నవ్వుతూనే మళ్ళీ పైకి చూశాను. ఫుల్లు ఒకటి. అర మూడు. ఆ మూడు అరలూ మేమే. ఒక ఫుల్లు నాన్నగారు. మరి అమ్మ?

వెళ్ళేటప్పటి లెక్కలో ఏదో తప్పు దొర్లిందేమోనని హోటలు పద్దు చూశాను. నలుగురికి. సినిమా చూశాను. బెంచీ నాలుగు. లెక్క తప్పితే ఒకచోట తప్పాలి గాని, మూడుచోట్ల ఒక్కలాగే తప్పదు గదా! పైగా తప్పేది మా నాన్నగారా?

వెంటనే అక్కయ్యకు ఫోను చేశాను. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "అక్కయ్యా, లవకుశకి అమ్మ వచ్చిందా?" అని అడిగాను.

"రాలేదురా," అంది అక్కయ్య, నిన్నటి సంగతి చెప్పినంత సులువుగా. "ఇంటిదగ్గర గేదె ఉందిగా."

"మరి హోటల్లో నా మూతి తుడిచింది?"

"నేనురా. నా పరికిణీతో. సాంబారు మరక పోలేదని ఇంటికొచ్చాక నాకు చివాట్లు కూడా పడ్డాయి."

అక్కయ్యకు అప్పటికి తొమ్మిదేళ్ళు. అరవై ఏళ్ళుగా నేను ఆ తొమ్మిదేళ్ళ పిల్ల పరికిణీని లాక్కొని అమ్మకు చీర కట్టానన్నమాట!

మూడు లవకుశలు

అమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిది. చెవులు కాస్త మందగించాయి గాని జ్ఞాపకం మందగించలేదు. పుస్తకం పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నాను. నేరం చేసినవాడిలాగా గొంతు సవరించుకొని, "నువ్వెందుకు రాలేదమ్మా?" అన్నాను.

"ఎక్కడికిరా?"

చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. "గేదె ఈని వారం రోజులు కూడా కాలేదు. పరాయివాళ్ళు దగ్గరకు వెళితే తన్నేది. ఇంకెవరుండాలి ఇంటికి? అయినా మరో ఫుల్లు టిక్కెట్టంటే మాటలా? మీలో ఇద్దరి అరలకీ ఎంతవుతుందో, నా ఒక్కదానికీ అంతవుతుంది."

"నీకు చూడాలనిపించలేదా?"

"చూడకపోవడమేమిటి? మీరు ఇంటికొచ్చి ముగ్గురూ మూడు విధాలుగా చెప్పారు. అక్కయ్య సీతమ్మ కష్టాలు చెప్పి ఏడ్చింది. నువ్వు యుద్ధం చెప్పావు. తమ్ముడు చెప్పిన దాంట్లో రాముడూ లేడు, సీతా లేదు. అశ్వమేధపు గుర్రం ఒక్కటే ఉంది. మీరంతా ఒక లవకుశ చూస్తే నేను మూడు చూశాను."

మా మనవడు ఇది విని, క్షణంలో ఆ సినిమాను తన ఫోనులో పెట్టి ముత్తవ్వ చేతికిచ్చాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని అరగంట చూసింది. "బాగానే ఉంది," అని తిరిగి ఇచ్చేసింది. "కాని మీ చిన్నతాత చెప్పినదాంట్లో గుర్రం ఇంకా పెద్దది."

అమ్మ తేలిగ్గా తీసుకొంది గాని, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పుస్తకంలో మిగతా నెలలు కూడా తిరగేశాను. సంక్రాంతికి సర్కస్, బాల్కనీ కాదు నేల - నాలుగు. దసరాకు హోటలు - నలుగురికి. ఏడాది పొడుగునా దుబారా కింద అయిదు అన్న అంకె ఒక్కచోట కూడా లేదు. ఒక్క విషయం మాత్రం నాన్నగారి పక్షాన చెప్పాలి. బెజవాడ వెళ్ళిన రోజే, "ఇల్లు" అన్న శీర్షిక కింద, తెలగపిండికీ కిరసనాయిలుకూ మధ్య, "ఇంటికి మిఠాయి పొట్లం - రూ. 0-50" అని ఉంది. ఆ పొట్లం అమ్మకే. దాన్ని ఆయన దుబారా అనుకోలేదు! ఆ సంగతి చెబితే అమ్మ, "అందులో మూడు వంతులు మీరే తిన్నారు," అంది.

ఫోనులో పద్దు

మా రోజులు వేరు, మా అబ్బాయి రోజులు వేరు. ఇప్పుడు జీతం చేతికి రాదు. వచ్చినట్టు ఫోను చెబుతుంది. ఖర్చూ చేతిమీదుగా పోదు. పోయినట్టు కూడా ఫోనే చెబుతుంది. 2016లో యు.పి.ఐ. వచ్చిన దగ్గరనుంచి తోటకూరకట్ట అమ్మే అవ్వ దగ్గర కూడా ఆ గళ్ళబొమ్మ అట్ట వేలాడుతోంది. డబ్బు ముట్టిందని చిన్న పెట్టె ఒకటి పెద్ద గొంతుతో అరుస్తుంది. వెనకటి హోటలు సర్వరు కేక ఆ పెట్టెలోకి వెళ్ళి దాక్కొందని నా అనుమానం.

ఇందులో సుఖం లేకపోలేదు. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టేవాడు లేడు. పద్దు రాసే శ్రమా లేదు. ఫలానా రోజున, ఫలానా గంటకు, ఎవరికి ఎంత ఇచ్చామో ఫోనులో నిమిషాలతో సహా భద్రంగా ఉంటుంది. లెక్కల విషయంలో మా నాన్నగారు కూడా దానిముందు దిగదుడుపే. కాని ఒకటి. ఆ ఫోనులో "దుబారా" అన్న శీర్షిక లేదు. ఎందరికి ఖర్చుపెట్టామో లేదు. ఎవరు ఇంట్లో ఉండిపోయారో అసలే లేదు.

"ఆ రోజుల్లో కాబట్టి అలా జరిగింది, ఇప్పుడు ఎవరు ఎవరిని వదిలేస్తారు?" అంటారా? నేనూ అలాగే అనుకొన్నాను. కిందటి సంక్రాంతికి మేమంతా కొత్త సినిమాకు వెళ్ళాము. మా ఆవిడ ఇంట్లో చేసిన జంతికలు సంచీలో వేసుకొస్తే ద్వారం దగ్గర ఆపేశారు. బయటి తినుబండారాలను కాదనే హక్కు హాలువారికి ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది. అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తెచ్చిన ఆహారాన్ని అడ్డుకోకూడదు. ఈ ధర్మసూక్ష్మాలన్నీ మా అబ్బాయి విడమరచి చెబుతోంటే, ఇంటిల్లిపాదికీ పేలాలు కొన్నాము. పేలాల ఖరీదు టిక్కెట్టు ఖరీదుతో పోటీపడింది. ఇదంతా నాకు గుర్తుంది. అమ్మకు టిక్కెట్టు కొన్నామో లేదో మాత్రం గుర్తులేదు. ఫోను తీసి చూశాను. మొత్తం ఎంతో ఉంది గాని, ఎన్నో లేదు. అబ్బాయిని అడిగితే చెప్పాడు: "అయిదు నాన్నా. బామ్మ అంతసేపు కూర్చోలేదనుకొన్నాం గదా."

అనుకొన్నాము. నిజమే. అమ్మను అడిగామా? అది ఎవరికీ గుర్తులేదు. మా నాన్నగారి ఇంట్లో అయితే గేదె ఉంది. మా ఇంట్లో ఆ సాకు కూడా లేదు!

సున్న టిక్కెట్టు

ఆ మరునాడే అమ్మతో, "హోటలుకు వెళదాం పద," అన్నాను. వద్దంటుందనుకొన్నాను. "ఏ చీర కట్టుకోను?" అంది.

కారు పిలుస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. బస్సు కావాలట. జనం పలచగా ఉండే వేళ చూసుకొని అమ్మ, నేను, మా ఆవిడ, మనవడు బస్సెక్కాము. అబ్బాయి, కోడలు ఆఫీసుల నుంచి నేరుగా వస్తామన్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం గదా. కండక్టరు ఆధార్ కార్డు చూసి అమ్మ చేతిలో టిక్కెట్టు పెట్టింది. ఛార్జీ సున్న. మా ఆవిడకూ సున్న. డబ్బిచ్చింది మగవాళ్ళమిద్దరమే. అమ్మ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, కొంగున ముడివేసుకొంది.

హోటల్లో పలహారాల పట్టీ పుస్తకమంత ఉంది. అమ్మ పేర్లు వదిలేసి అంకెలే చదివింది. "పెసరట్టు నూట ఇరవయ్యా! ఒరేయ్, మీ నాన్నగారి నెల జీతానికి ఒక పెసరట్టు వచ్చేది కాదన్నమాట," అంది. బిల్లు వచ్చాక అడుగున జి.ఎస్.టి. అని రెండు వరసలు చూసి అదేమిటంది. మామూలు హోటళ్ళలో తిండిమీద అయిదు శాతం పన్ను, 2017 నవంబరు నుంచి ఈ లెక్క, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి అని మనవడు అప్పజెప్పాడు. "బస్సులో ఇచ్చింది ఇక్కడ లాగేసుకొన్నారు," అంది అమ్మ. ఆర్థికమంత్రులు కూడా ఇంత క్లుప్తంగా చెప్పలేరు.

కాని పెసరట్టు తింది. అల్లం పచ్చడి మరోసారి వేయించుకొంది. కాఫీ సగం తాగి, "మనింట్లోదే బాగుంటుంది," అంటూ మిగతా సగమూ తాగింది. లేవబోతోంటే మీసాలమీద నురగలా పైపెదవికి కాఫీ అంటుకొని ఉంది. జేబులోంచి రుమాలు తీసి నేనే తుడిచాను.

పొదుపు చెయ్యవద్దని నేను చెప్పబోవడం లేదు. దుబారా అన్న మాటకు భయపడి బతికినందువల్లనే మా ముగ్గురికీ చదువులు వచ్చాయి. ఆ సంగతి "చదువు" శీర్షికే చెబుతోంది. ఖర్చు పెడితేనే సంతోషమనీ అనను. ఏడాదికి ఒక్కసారి గనకనే ఆ బెజవాడ అంతగా గుర్తుంది. నేను చెప్పేది ఒక్కటే. మీరు ఫోనులో రాసుకొన్నా, పుస్తకంలో రాసుకొన్నా, సినిమాకో, హోటలుకో, ప్రయాణానికో పెట్టిన ఖర్చు పక్కన "ఎందరికి" అని ఒక గడి గీసుకోండి. అందులో అంకె వేశాక, ఇంట్లో ఉన్నవాళ్ళను ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ కలవకపోతే, ఉండిపోయిన మనిషికి నిజంగా తలనొప్పేనా, లేక గేదె ఈనిందా అని అడిగి తెలుసుకోండి. అడగడానికి ఖర్చేమీ కాదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ కొంగుముడి విప్పి బస్సు టిక్కెట్టు నా చేతికిచ్చింది. "మీ నాన్నగారి పుస్తకంలో పెట్టు," అంది.

లవకుశ పద్దు ఉన్న పేజీలోనే పెట్టాను.

"ఫుల్లు ఒకటి, ఖర్చు సున్న," అంది అమ్మ. "ఆయన ఉంటే ఈ పద్దు చూసి ఎంత సంతోషించేవారో!"